తేనెవాళ్ల దాపులు

మరాళదుర్గపు యువరాజు పేరు ఉదయకేతుడు. ఈ కథ చెప్పేవాడు ఆ కోటబావి నీళ్లు తాగలేదు కనుక ఇంత ధైర్యంగా ఆ పేరు చెప్పగలుగుతున్నాడు. తాగినవాళ్లెవరూ చెప్పలేరు. వాళ్లలో అతని కన్నతల్లి కూడా ఉంది.

పదకొండు రోజుల కిందట ధూమ్రజటుడనే మాంత్రికుడు కోటలోని దేవతార్చన గదిలోకి చొరబడ్డాడు. బారసాలనాడు మహారాజు తన ఉంగరంతో బిడ్డ పేరు రాసిన బియ్యం అక్కడ పట్టుగుడ్డలో మూటకట్టి ఉన్నాయి. ఆ మూటను నిప్పుల్లో వేసి, వచ్చిన బూడిదను బావిలో కలిపాడు. మహారాజు పోయి ఏడాది తిరగలేదు. ఖాళీగా ఉన్న సింహాసనం మీద తన శిష్యుణ్ణి కూర్చోబెట్టాలని ఆ ముదనష్టపువాడి ఎత్తు. వేటకు వెళ్లిన ఉదయకేతుడు తిరిగి వచ్చేసరికి ద్వారపాలకులు ఈటెలు అడ్డం పెట్టారు. మంత్రి మొహం చిట్లించాడు. చివరికి రాణి మందారమాలాదేవి మేడమెట్లు దిగి వచ్చి అతని మొహంలోకి చూసింది.

"ఎవరు నాయనా నువ్వు? ఎండన పడి వచ్చినట్టున్నావు. మజ్జిగ తాగి వెళ్లు" అంది.

అమ్మ చేత్తో ఇచ్చిన మజ్జిగ కాదనలేక అతను ఒక్క గుక్క తాగాడు. అందులోనూ ఆ బావినీళ్లే ఉన్నాయి. అప్పటినుంచి అతని సంగతులు అతనికే ఒకటొకటిగా జారిపోతున్నాయి.

కొండగుహలో తపస్సు చేసుకునే ఒక సన్యాసి మాత్రం విరుగుడు చెప్పాడు. "నీ పేరు నువ్వు చెబితే వినేవాళ్ల చెవిలో నిలవదు. ఎవరో ఒక్కరు, తమంతట తాము, నిన్ను పేరు పెట్టి పిలవాలి. అలా పిలిస్తే మాయ విడిపోతుంది. కోట నీళ్లు తాగనివాళ్లను వెతుకు. శుక్రవారం పట్టాభిషేకం. ఆరోజు కోటలో మూడుసార్లు శంఖం ఊదుతారు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సూర్యుడు గుంకేవేళకు ఒకటి. మూడోది మోగి ఆగిందంటే నీ పేరు నీకూ ఉండదు, ఈ లోకంలో మరెవరికీ ఉండదు" అన్నాడు. ఆ తరవాత యువరాజు చెవిపోగు విప్పించి, పసుపుగుడ్డలో కట్టి ఇచ్చాడు. "దీన్ని బయటికి తియ్యకు. ధూమ్రజటుడి గద్ద కోట బంగారాన్ని కోసుదూరంనుంచి వాసన పడుతుంది" అని హెచ్చరించాడు.

అలా తిరిగి తిరిగి, ఆ శుక్రవారం ఉదయానికి ఉదయకేతుడు జీలుగుకోనలో ఉన్నాడు.

ఆ కోన సంగతి చెప్పాలంటే ఒక నోరు చాలదు. ఎర్రని మోదుగుపూలు అడవికంతటికీ పారాణి పూసినట్టు విచ్చుకుని ఉన్నాయి. తెల్లవారుజామున రాలిన ఇప్పపూల తీయని వాసన మంచుతో కలిసి మోకాలెత్తున పాకుతోంది. శీతవాహిని అనే ఏరు కొండల నడుమనుంచి రాళ్లమీద గలగలమంటూ, మడుగుల్లో మౌనంగా, మళ్లీ గలగలమంటూ దిగివస్తోంది. నెమళ్లు, దుప్పులు, కొండగొర్రెలు నీళ్లకు వస్తున్నాయి. అన్నీ జంటలుగానో గుంపులుగానో వస్తున్నాయి. అంత అందమైన చోట ఒంటరిగా నిలబడడం కంటే చెరసాల నయమనిపించింది యువరాజుకు.

అతని దగ్గర మిగిలింది వేటకు పట్టుకెళ్లిన విల్లు, రెండు బాణాలు. ఆ వింటినారి కొసన మూడు మెలికల ముడి ఒకటి ఉంటుంది. పదేళ్లుగా అతను లాగిన ప్రతి నారికీ అదే ముడి. అది ఎన్నడూ జారలేదు కనుక దాని గురించి అతను ఎన్నడూ ఆలోచించలేదు.

ఏటి ఒడ్డున ఒక ముసలామె మోకాలికి ఆకుపసరు రాసుకుంటూ కూర్చుని ఉంది. పక్కన తేనెకుండ, పొగ పెట్టే కాగడా ఉన్నాయి. తేనె కొట్టి బతికే ఈరమ్మ ఆమె.

"ఎవురు బిడ్డా నువ్వు? దారి తప్పినోడిలాగున్నావే" అంది.

"నా పేరు చెప్పినా నీకు నిలవదు అవ్వా. ఒక్క మాట చెప్పు. మరాళదుర్గం యువరాజు పేరేమిటో నీకు తెలుసా?"

"రాజుగారి కొడుకా? మేం చినరాజంటాం. ఆయనకీ ఒక పేరుంటదని ఎప్పుడూ అనుకోనేలేదు" అంది ఈరమ్మ నిజాయితీగా.

ఉదయకేతుడు ఉన్నచోటనే కూలబడ్డాడు. "ఈ అడవిలో తిరిగేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

"ఉన్నారు. తేనెవాళ్లం, మూలికలవాళ్లు, తాళ్లు పేనేదానికి చాగనార కోసుకునేవాళ్లు. కానీ ఇవ్వాళ ఎవురూ దొరకరు. పట్టాభిషేకమని అందరూ కోటకి కట్టగట్టుకు పోయారు. కోట గుమ్మంకాడ చలిపందిళ్లేశారంట, వచ్చినోళ్లకి వచ్చినట్టు బావినీళ్లు పోస్తారంట. నాకే ఈ పాడు మోకాలు సాయపడక ఆగిపోయా."

కోట బయట మిగిలినవాళ్లకు కూడా తానే పిలిచి నీళ్లు పోస్తున్నాడు ధూమ్రజటుడు! యువరాజు తన కష్టమంతా ఈరమ్మకు చెప్పాడు. ఆమె సగం నమ్మింది, సగం నమ్మలేదు. కానీ అతని మొహం చూసి జాలిపడింది.

"మనుషులు లేకపోతేనేం, దాపులున్నాయి కదా" అంది. "దాపంటే దాచిపెట్టిన కుండ. మేం నెలల తరబడి ఒంటిగా తిరిగేవాళ్లం. మాటాడేదానికి మనిషుండడు. అందుకని మా తాతలనాడు మూడు కుండలు దాచారు. వాటిని ఎతుక్కుంటా పోవాల. దొరికితే ఇప్పి చూడాల. చూసింది చూసినట్టు మళ్లీ మైనం పెట్టి మూసెయ్యాల. ఒకటి తీసుకుంటే ఒకటి పెట్టాల. పెట్టేది నీ చేత్తో నువ్వు చేసిందై ఉండాల. ఇంకోటి, లోపల తాటాకు ఉంటది. దానిమీద పేరు రాయాల. నీది కాదు."

"మరెవరిది?"

"కుండ ఇప్పిన ఘడియలో ఎవురు మతికొస్తే వాళ్లది. అడవిలో ఒంటిగా తిరిగేవాడికి తన పేరు తనకెందుకయ్యా, పిలిచేవాడు లేనప్పుడు? తలుచుకున్నోళ్ల పేరు రాస్తే ఆ పూటకి వాళ్లు తోడున్నట్టు. నిన్ను తలుచుకున్నోళ్లు ఎవురన్నా ఉంటే నీ పేరు అక్కడ ఉంటది. వాళ్లను పట్టుకో."

యువరాజు చివాలున లేచాడు. "అవ్వా, నీ తేనెకుండతోబాటు నిన్నూ మోసుకెళతాను. దారి చూపించు!"

"దాపుకాడికి ఒక్కరే పోవాల" అంది ఈరమ్మ తల అడ్డంగా ఊపి. "ఇద్దరు పోతే తోడున్నట్టే కదా. ఇంక దాపెందుకు? అదిగో, ఆ కప్పబండ కింద మొదటిదుంది. రెండోదానికి గుర్తు మొదటిదాంట్లో, మూడోదానికి గుర్తు రెండోదాంట్లో. గుర్తంటే ముడులేసిన తాడు. పెద్దముడి నూరడుగులు, చిన్నముడి పదడుగులు. ఎప్పుడూ ఏటి ఎగువకే నడవాల. తాడు కొసన ఏది కట్టుంటే ఆడ ఎతకాల."

దూరంగా కోటలో మొదటి శంఖం మోగింది. ఆ మోత ఆగేసరికి ఉదయకేతుడు తన గుర్రం పేరు మరిచిపోయాడు.

కప్పబండ చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. పొదలు విరిచాడు, పుట్టలు తవ్వాడు. తేలు ఒకటి తప్ప ఏమీ దొరకలేదు. రాజభవనంలో ఏది కావాలన్నా చప్పట్లు కొడితే చేతికి వచ్చేది, వెతకడమనే విద్య అతను నేర్చుకుంటేగా! చివరికి అలిసిపోయి బండకు చేరగిలబడితే, వీపుకు ఒక పలకరాయి కదిలింది. దాని వెనకే ఉంది గుమ్మడికాయంత మట్టికుండ, మూతికి తేనెమైనంతో.

వేటలో పెద్దపులిని కొట్టిననాడు కూడా అతనికి అంత సంతోషం కలగలేదు. "దొరికింది!" అని కేకపెట్టి, చూపిద్దామని పక్కకు తిరిగాడు. పక్కన ఎవరూ లేరు. ఒంటిగానే మూతి మైనం విప్పాడు.

కుండలో కొయ్యదువ్వెన, పూసలదండ, ఇప్పపూల ఉండలు, చిన్న గంటం, నూనెమసి సంచి, తాటాకుల కట్ట ఉన్నాయి. ఆకులు ఆత్రంగా తిరగేశాడు. ఎవరెవరివో పేర్లు. అతనిది లేదు. ముడులతాడు తడిమాడు. మూడు పెద్దముళ్లు, నాలుగు చిన్నముళ్లు, కొసన ఒక కరక్కాయ. అంటే మూడువందల నలభై అడుగులు, కరకచెట్టు. నిన్నటినుంచి తిండి లేదేమో, ఇప్పపూల ఉండలు రెండు నోట్లో వేసుకున్నాడు. వేసుకున్నాక గుర్తొచ్చింది, ఒకటి పెట్టాలని.

చేత్తో చేసింది ఏముంది అతని దగ్గర? తొడుక్కున్న చెప్పులు ఎవరో కుట్టారు. కట్టుకున్న బట్ట ఎవరో నేశారు. విల్లు ఎవరో చెక్కారు. ఇరవై రెండేళ్ల బతుకులో తన చేతులు చేసిన వస్తువు ఒక్కటంటే ఒక్కటి లేదని అతనికి ఆ బండ పక్కనే తెలిసింది. సిగ్గువేసింది. సిగ్గు వేసినప్పుడు రాజులు చేసే పనే చేశాడు. పసుపుగుడ్డ విప్పి, ముత్యాలు పొదిగిన చెవిపోగు తీసి, రెండు ఉండలకు ఇది తక్కువా అన్నట్టు కుండలో పడేశాడు.

మూత పెట్టి నాలుగడుగులు వేశాడో లేదో, ఆకాశం మసకబారింది. చేటంత రెక్కలతో గద్ద ఒకటి సరసరా దిగి, కప్పబండ మీద వాలి, పలకరాయిని గోళ్లతో పెకలించి, కుండను ఎత్తి బండకేసి కొట్టింది. మూడుతరాలుగా చెక్కుచెదరని కుండ పెంకులైపోయింది. పేర్లు రాసిన ఆకులు గాలిలో చెల్లాచెదురై ఏట్లో పడి కొట్టుకుపోయాయి. చెవిపోగును ముక్కున కరుచుకున్న గద్ద తల తిప్పి యువరాజును చూసింది. అతని వేళ్లకు అంటిన బంగారపు వాసన దానికి చాలు.

ఉదయకేతుడు పరుగు లంకించుకున్నాడు. ఏటి ఎగువకు, ముళ్లలో, రాళ్లలో, అడుగులు లెక్కపెడుతూనే పరుగు! నూరు, రెండు నూర్లు. గద్ద ఒకసారి భుజం గీరిపోయింది. మూడు నూర్లు. మళ్లీ దిగి తలపాగా లాక్కుపోయింది. మూడువందల ముప్పై తొమ్మిది, మూడువందల నలభై! కరకచెట్టు ఏదీ? చెట్టు లేదు సరికదా, కాళ్లకింద నేల కూడా లేదు. తుంగ మాటున దాగిన ఊబిలోకి నడుందాకా దిగిపోయాడు.

కదిలినకొద్దీ బురద కిందికి గుంజుతోంది. పైన గద్ద గిరికీలు కొడుతోంది. ఉదయకేతుడు విల్లెత్తి మొదటి బాణం వదిలాడు. గురి తప్పింది. గద్ద రెక్కలు ముడిచి అతని కళ్లమీదికే వాలింది. అది బారెడు దూరానికి వచ్చేదాకా ఆగి, నారిని చెవిదాకా లాగి రెండో బాణం వదిలాడు. బాణం గద్ద రెక్కలో దిగబడింది. అదే క్షణాన వింటినారి టప్పున తెగింది. గద్ద కూస్తూ, నెత్తురు చిందిస్తూ, కోటవైపు ఒరిగి ఎగిరిపోయింది. అప్పటికి బురద అతని రొమ్ముదాకా వచ్చింది. ఒట్టి కర్రగా మిగిలిన విల్లును వేళ్లూనిన రెండు చెట్లమొదళ్ల మధ్య అడ్డంగా వేసి, దాన్ని పట్టుకుని, చచ్చీచెడీ ఒడ్డున పడ్డాడు. విల్లును లాక్కుని వీపున కట్టుకున్నాడు.

ఒడ్డున పడి ఆయాసపడుతూంటే ఎదురుగా మెత్తని నేలలో రెండు జాడలు కనిపించాయి. ఒకటి తనది, బారలు చాపినట్టున్న అడుగులు. రెండోది ఎవరిదో. పొట్టి అడుగులు, మడమ దగ్గర లోతుగా దిగినవి. ఆ జాడ ఊబి దగ్గరికి రాకుండానే పక్కకు మళ్లింది, ఇంకా తడిగానే ఉంది. ఈ పూటే ఎవరో నెత్తిన బరువుతో ఈ దారిన నడిచారు!

అప్పుడు తెలిసింది అతనికి తాను చేసిన పొరపాటు. తాడుకు ముడులు వేసినవాళ్లు తేనెకుండ నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్లు. వాళ్ల అడుగు వేరు, యువరాజు అడుగు వేరు. మూడువందల నలభై అంటే వాళ్ల అడుగులు.

అతను ఒడ్డునే కూర్చుని తుంగ కోశాడు. మెలిపెట్టి చుట్టి చుట్టకుదురు చేయబోయాడు. మొదటిది విడిపోయింది. రెండోది వంకరపోయింది. మూడోది ఎలాగో నిలిచింది. అందంగా లేదు, ఒకపక్క లావు, ఒకపక్క సన్నం. దాన్ని నెత్తిన పెట్టుకుని, దానిమీద తేనెకుండంత రాయి ఎత్తుకుని, ఏనాడూ బరువు ఎరగని మెడ వణుకుతూంటే, కప్పబండ దగ్గరికి తిరిగి వెళ్లి మొదటినుంచి నడిచాడు. పొట్టి పొట్టి అడుగులు పడ్డాయి. సరిగ్గా మూడువందల నలభయ్యో అడుగున అతని కుడిచేతికి కరకచెట్టు తగిలింది. దాని తొర్రలో రెండో కుండ ఉంది.

మైనం విప్పుతూండగానే కోటలో రెండో శంఖం మోగింది. ఈసారి అతని మనసులోంచి తండ్రి మొహం చెరిగిపోయింది. తండ్రి అనే మాట మిగిలింది కానీ దానికి మీసం లేదు, కళ్లు లేవు.

రెండో కుండలోని ఆకుల్లో 'సూరమ్మ' ఉంది, 'బుడ్డోడు' ఉన్నాడు, 'మా ఎర్రావు' కూడా ఉంది. ఎవరో పాపం ఏడుచోట్ల ఏడుసార్లు 'అమ్మ' అని రాసుకున్నారు. అతని పేరు మాత్రం లేదు. తనను తలుచుకున్నవాళ్లు లేరంటే అతనికి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. అక్కడ చూసేవాళ్లెవరు కనుక? తరవాత గంటం తీసుకుని, మజ్జిగ ముంత చాపిన చేయి గుర్తొచ్చి, ఎనిమిదోసారి 'అమ్మ' అని రాశాడు. మసి రుద్ది, ఏమీ తీసుకోకుండా, ఉన్నది ఉన్నట్టు మూసిపెట్టాడు. ముడులతాడు ముందే తడిమి చూశాడు. ఐదు పెద్దముళ్లు, కొసన నత్తగుల్ల.

రాయి నెత్తికెత్తుకుని ఏటి ఎగువకు నడిచాడు. ముందు దారంతా ఆ పొట్టి అడుగుల జాడ ఉంది. నత్తగుల్ల అంటే నీళ్లు. ఎగువన జలపాతం హోరు వినిపిస్తోంది. నాలుగువందల అడుగులు దాటేసరికి దారి మలుపులో, చేతిలో సొరకాయబుర్రతో ఈరమ్మ నిలబడి ఉంది.

"అలిసిపోయావు బిడ్డా" అంది. "మోకాలు నెప్పి తగ్గిందిలే. నిన్ను ఒంటిగా పంపినందుకు మనసు ఊరుకోక వచ్చా. ఇదిగో, చల్లటి నీళ్లు తాగు. పద, ఆ మూడోదాని కాడికి నేనూ తోడొస్తా."

తోడు! పదకొండు రోజులుగా ఎవరూ అనని ఆ మాటకు యువరాజు కళ్లు చెమ్మగిల్లాయి. గొంతు ఎండిపోయి ఉంది. మెడ విరిగిపోతోంది. చేయి సొరకాయబుర్ర మీదికి వెళ్లింది. బుర్రను పెదవులదాకా తెచ్చాడు. అక్కడ ఆగాడు.

"అవ్వా, దాపుకాడికి ఇద్దరు పోవచ్చా?"

"దానికేముంది బిడ్డా, ఒకరికొకరు ఉండాల కదా!"

"ఇద్దరు పోతే ఇంక దాపెందుకు?" అంటూ ఉదయకేతుడు నెత్తిమీది రాయిని రెండు చేతులా ఎత్తి విసిరాడు. రాయి ముసలిదాని రొమ్మున తాకింది. సొరకాయబుర్ర నేలరాలి పగిలింది. నీళ్లు పడినచోట గడ్డి బూడిదరంగుకు తిరిగింది. ఈరమ్మ మొహం పొగలా విచ్చి, దాని వెనకనుంచి జడలు కట్టిన జుట్టు, పసుపుపచ్చని కళ్లు బయటపడ్డాయి.

"తెలివైనవాడివే, పేరులేనివాడా!" అని ధూమ్రజటుడు పకపకా నవ్వాడు. "ఒక్క బుర్ర పగలగొట్టావు. కోటవాకిట పన్నెండు చలిపందిళ్లున్నాయి. ఎన్ని పగలగొడతావు? నిన్ను ఎరిగిన మనిషి ఒక్కరే మిగిలారు. ఆ ఒక్కరూ ఇప్పుడు దాహంతో ఉన్నారు!" మరుక్షణంలో వాడు పొగై సుళ్లు తిరిగి, కొండశిఖరం దాటి కోటవైపు పోయాడు.

ఒక్కరు మిగిలారు! విర్రవీగడంలో ఆ దుర్మార్గుడు మేలే చేశాడు. యువరాజు చుట్టకుదురును మొలలో దోపుకుని పరుగెత్తాడు.

నూరు నిలువుల ఎత్తునుంచి శీతవాహిని అక్కడ తెల్లని తెరలా దూకుతోంది. సాయంత్రపు ఎండ ఆ తుంపరలో పడి, ఏడు రంగులూ ఒకదానిలో ఒకటి కరిగి, రాతిగోడల మీద కుంకుమ కలిపిన వెన్నెల పరచినట్టు మెరుస్తోంది. అతను ఆ అందం వైపు కన్నెత్తి చూడలేదు. నీటితెరను చీల్చుకుని లోపలి గుహలోకి దూకాడు. మూడో కుండ అక్కడ ఒక గూట్లో ఉంది. మూతిమీది మైనం ఇంకా మెత్తగానే ఉంది.

తాటాకు మీద అన్నిటికన్నా చివర, కుదురైన అక్షరాలతో ఒక పేరు ఉంది. ఉదయకేతు.

'ఎవరో ఉదయకేతు అట' అనుకుని, నిట్టూర్చి, అతను ఆకు మడవబోయాడు.

మడుస్తున్న చేయి ఆగింది. అక్షరాల మీది నూనెమసి ఆరలేదు. అతని బొటనవేలు నల్లబడింది. ఆ వేలి వంక, ఆకు వంక, మళ్లీ వేలి వంక చూశాడు. అప్పుడు ఆ పేరు ఎవరిదో తెలిసింది. "నాది, ఇది నాదే!" అని గుహ దద్దరిల్లేలా అరిచాడు.

కుండ అడుగున, కొత్తగా పేనిన వింటినారి చుట్ట ఉంది. దాని కొసన మూడు మెలికల ముడి.

పదేళ్లుగా అతను ఆ ముడిని వేలితో తడమని రోజు లేదు. చాగనార కోసి, నానబెట్టి, దంచి, పేని, ఆ ముడి వేసి కోటకు పంపిన మనిషి ఒకరున్నారు. అడవిలో ఒంటరిగా ఈ కుండ విప్పిన ఘడియలో, తన నారి లాగే కుర్రవాణ్ణి తలుచుకున్నారు. ఆ మనిషి ఎవరు? ఆడా, మగా? పేరేమిటి? ఇది మజ్జిగ తెచ్చిన మరుపు కాదు. మరిచిపోవాలంటే ముందు తెలిసి ఉండాలి కదా. అతను ఒక్కనాడూ అడగలేదు.

వింటినారి తీసుకున్నాడు. దాని చోటులో, మొలలోంచి ఆ వంకర చుట్టకుదురు తీసి పెట్టాడు. గంటం చేత పట్టాడు. ఆ ఘడియలో అతనికి గుర్తొచ్చిన మనిషి ఒక్కరే, కానీ రాయడానికి పేరు లేదు. అక్షరాలు రాయవలసిన చోట మూడు మెలికల ముడి బొమ్మ గీసి, మసి రుద్ది, మైనం పెట్టి మూసేశాడు.

నీటితెర దాటి బయటి బండమీదికి వచ్చేసరికి సూర్యుడు పడమటి కొండను తాకుతున్నాడు. కింద లోయలో కోట కనిపిస్తోంది. వాకిట వరసగా తెల్లని చలిపందిళ్లు. ఆ దారిన, చాగనార మోపు నెత్తిన పెట్టుకుని, ఒక స్త్రీ పొట్టి అడుగులతో దిగిపోతోంది. మొదటి పందిరి ఆమెకు రెండు వందల అడుగుల దూరంలో ఉంది. పందిరి కింద ఎవరో అప్పుడే చెంబు ముంచి పైకెత్తారు.

"ఆగు!" అని అరిచాడు ఉదయకేతుడు. "అమ్మా! అక్కా! ఓ నారమోపు మనిషీ!" జలపాతం ఆ అరుపులన్నిటినీ మింగేసింది. కిందనున్న ఆమె తనను కాదన్నట్టు నడుస్తూనే ఉంది. పేరు తెలిసి ఉంటే! లోకమంతా తన పేరు మరిచిందని పదకొండు రోజులు ఏడ్చినవాడికి, తనను మరవని ఒక్క మనిషిని పిలవడానికి నోట పేరు లేదు.

విల్లు వంచి, కొత్త నారి ఎక్కించాడు. బాణం లేదు. ఒట్టి నారినే చెవిదాకా లాగి వదిలాడు.

ఖంగుమని ఆ మోత హోరును చీల్చుకుని లోయలోకి దిగింది. మళ్లీ లాగాడు. మళ్లీ వదిలాడు. వేళ్లు తెగి నెత్తురు కారినా వదల్లేదు. ఎవరు పేనిన నారి మోత వాళ్లకు తెలియకపోతుందా?

కింద దారిలో ఆమె ఆగింది. నెత్తిమీది మోపు మెల్లగా దించింది. పదకొండు రోజుల తరవాత, ఒక మనిషి అతని కోసం వెనక్కి తిరిగింది.

కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని కొండపైకి చూసింది. నోరు తెరిచింది.

అదే క్షణాన కోటబురుజు మీద మూడో శంఖం మొదలైంది.